మూత బిగించాకే అసలు పని

బీరు కానీ, అల్లం పానీయం కానీ... సీసాలో బుడగలు పుట్టించేది ఈస్టు. ఆ ఈస్టును పరుగెత్తించేదీ, నిద్రపుచ్చేదీ వేడి. ఏడాది పొడవునా ఉక్కపోసే అండమాన్ ఊరు ఫెరార్‌గంజ్‌లో ఆ వేడిని చెప్పుచేతల్లో పెట్టుకోవడం ఎలా? ఈవారం ముఖచిత్ర కథనం.

ఫెరార్‌గంజ్‌లో థర్మామీటర్ పెద్దగా కదలదు. ఏ నెలలో చూసినా పగలు 29 నుంచి 32 డిగ్రీలు, రాత్రి 22 నుంచి 25. ఏటా సుమారు 3 వేల మిల్లీమీటర్ల వాన, మిగతా రోజుల్లో ఒంటికి అంటుకుపోయే ఉక్క. పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024లో శ్రీవిజయపురంగా మారింది. అక్కడి నుంచి అండమాన్ ట్రంక్ రోడ్డు మీద జిర్కాటాంగ్ వైపు వెళ్తుంటే దారిలో తగిలే ఊరిది. 1923 నుంచి 1931 దాకా ఈ దీవులకు చీఫ్ కమిషనర్‌గా ఉన్న మైకేల్ లాయిడ్ ఫెరార్ పేరే దీనికి స్థిరపడింది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లకు ఈ వాతావరణం కొత్తేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే.

ఇలాంటి చోట ఏది పులియబెట్టినా వేడితోనే వ్యవహారం. రాత్రి రుబ్బిన దోసెల పిండి తెల్లారేసరికి గిన్నె దాటుతుంది. పెరుగు మధ్యాహ్నానికే పులుపెక్కుతుంది. వీటన్నిటికన్నా వేడిని నిక్కచ్చిగా లెక్కపెట్టుకోవాల్సిన పని ఒకటుంది. పులిసిన బీరును సీసాలో పోసి, కాస్త పంచదార వేసి, మూత బిగించి, ఆ సీసాలోనే గ్యాస్ పట్టనివ్వడం. బ్రూవర్లు దీన్ని బాటిల్ కండిషనింగ్ అంటారు. పిండి పొంగితే గట్టు తుడుచుకుంటే సరిపోతుంది. సీసా పొంగితే గాజు పగులుతుంది.

ఈ విద్య నేర్పే పుస్తకాల్లో ఎక్కువ భాగం చల్లటి దేశాల్లో రాసినవే. సీసాలను గదిలో మామూలు వేడి దగ్గర రెండు వారాలు ఉంచమంటాయి. వాళ్ల గది 20 డిగ్రీల గది. ఫెరార్‌గంజ్‌లో అలాంటి గది ఏ ఇంట్లోనూ దొరకదు. దాంతో వేడి ఊళ్లలో ఈ పని మొదలుపెట్టేవాళ్ల ఆలోచన నేరుగా ఫ్రిజ్ మీదికి పోతుంది. వేడి ఊరికి ముందు కావలసింది నిలకడ, దాని వెంట లెక్క. చల్లదనం ఆఖరి మెట్టు. ఈ వరుస తెలిసినవాళ్లకు 28 డిగ్రీల ఊరు శత్రువేమీ కాదు.

మొదట చట్టం మాట. మన దేశంలో మద్యం తయారీ ఆయా రాష్ట్రాల, కేంద్రపాలిత ప్రాంతాల ఎక్సైజ్ చట్టాల కిందికి వస్తుంది. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంటి అవసరానికి బీరు కాచుకోవడానికి వీలు కలిగింది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు హద్దు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్లు ఈ లెక్కల్ని బీరుకే వాడుకోవచ్చు. ఫెరార్‌గంజ్ వంటింట్లో ఇవి పనికొచ్చేది అల్లం పానీయానికి. సీసాలో జరిగే పని రెండింటిలోనూ ఒకటే.

సీసాలో ఏం జరుగుతుంది?

బీరు మొదటిసారి పులిసేటప్పుడు పుట్టిన గ్యాస్‌లో ఎక్కువ భాగం గాల్లో కలిసిపోతుంది. పులియడం పూర్తయ్యాక ఈస్టు అడుగున పేరుకుంటుంది కానీ చావదు. పైకి తేటగా కనిపించే బీరులోనూ కంటికి ఆనని కణాలు లక్షల్లో ఉంటాయి. వాటికి కొలిచి కొంచెం పంచదార వేసి మూత బిగిస్తే మళ్లీ పనిలోకి దిగుతాయి. పంచదారను తిని ఆల్కహాల్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ వదులుతాయి. బయటికి దారి లేని గ్యాస్ ద్రవంలోనే కరుగుతుంది.

ఇంకో మేలు కూడా ఉంది. సీసాలో పోసేటప్పుడు చొరబడ్డ గాలిలోని ఆక్సిజన్‌ను ఈస్టు పీల్చేసుకుంటుంది. బీరు రుచిని పాడుచేసే మొదటి దొంగ ఆ ఆక్సిజనే. బతికున్న ఈస్టుతో సీసాలో పండిన బీరు ఎక్కువ కాలం నిలవడానికి కారణం ఇదే.

మొదటి రోజు సీసాను వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే ఏమీ తెలియదు. రెండో రోజుకో మూడో రోజుకో తేటగా ఉన్న ద్రవం మబ్బు పట్టినట్టవుతుంది. ఈస్టు లేచిందని దానర్థం. మెడ దగ్గర, ద్రవం గాజును తాకే చోట, సన్నటి నురగ గీత కనిపిస్తుంది. మరో మూడు నాలుగు రోజులకు మబ్బు విడిపోయి, అడుగున లేత గోధుమరంగు పొడి పలచగా పరుచుకుంటుంది. సీసాను కొద్దిగా వంచితే ఆ పొడి పొగలా లేస్తుంది. పంచదార అయిపోయింది, ఈస్టు మళ్లీ కిందికి దిగింది. 30 డిగ్రీల వేడిలో ఇదంతా వారంలో జరిగిపోతుంది. 20 డిగ్రీల్లో రెండు వారాలు పడుతుంది. 13, 14 డిగ్రీలకు దిగితే బీరుకు మామూలుగా వాడే ఏల్ ఈస్టు నెలైనా బద్ధకంగా పడుకుంటుంది.

కొండలెక్కిన బీరు

వేడికి జడిసి మన దేశంలో బీరు పరిశ్రమ ఏకంగా కొండలెక్కింది. 1850ల్లో ఎడ్వర్డ్ డయ్యర్ హిమాలయాల్లోని కసౌలీలో బ్రూవరీ పెట్టాడు. తర్వాత సోలన్‌లో, 1860లో ఇప్పటి పాకిస్థాన్‌లోని మరీలో, దక్షిణాన నీలగిరుల్లో బ్రూవరీలు వెలిశాయి. అక్కడ మంచి నీళ్లున్నాయి, అన్నిటికన్నా ముఖ్యంగా చల్లదనం ఉంది. యంత్రాలతో చలిని పుట్టించడం రాని రోజుల్లో ఎత్తు ఒక్కటే వాళ్ల చేతిలోని ఉపాయం.

అంతకుముందు బీరు ఓడల్లో వచ్చేది. లండన్‌లోని బో ప్రాంతంలో హాడ్జ్‌సన్ బ్రూవరీ కాచిన పేల్ ఏల్ పీపాలు గుడ్‌హోప్ అగ్రం చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నెలల తరబడి ప్రయాణించి కలకత్తా చేరేవి. 1820ల్లో బర్టన్ ఊరి బ్రూవర్లు ఆ వ్యాపారంలోకి దిగారు. దారి పొడవునా పీపాల్లో ఈస్టు పని చేస్తూనే ఉండేది. ఓడ అడుగున వెచ్చగా ఉన్నా, సముద్రపు నీటి మధ్య ఆ వేడి పగటికీ రాత్రికీ ఎగిరెగిరి పడేది కాదు. పీపాలు దిగాక ఆ బీరును ఇక్కడే సీసాల్లో నింపేవారు. ఈనాటి ఇండియా పేల్ ఏల్ పేరు వెనుక ఉన్నది ఆ ప్రయాణమే.

1876లో లూయీ పాశ్చర్ బీరు మీద తన గ్రంథం అచ్చువేశాడు. బీరు చెడిపోవడం వెనుక ఉన్నవి సూక్ష్మజీవులేనని అందులో నిరూపించాడు. అదే దశకంలో జర్మనీ ఇంజినీరు కార్ల్ ఫన్ లిండే చలి యంత్రాలు బ్రూవరీల్లోకి వచ్చాయి. ఆ రెండింటితో బీరు మళ్లీ మైదానాలకు దిగగలిగింది. ఈ రోజు సంగారెడ్డి ఎండల్లోనూ, శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గరా ఫ్యాక్టరీలు నడుస్తున్నాయంటే ఆ యంత్రాల చలవే. అయితే ఫ్యాక్టరీ బీరులో ఈస్టు ఉండదు. వడకట్టి, పాశ్చరైజ్ చేసి, గ్యాస్‌ను యంత్రంతో ఎక్కించి మూత వేస్తారు. సీసాలో పండబెట్టే పద్ధతిని మాత్రం బెల్జియం వదల్లేదు. అక్కడి డ్యూవెల్ బీరును సీసాలో నింపాక 24 డిగ్రీల వెచ్చటి గదిలో రెండు వారాలు, ఆపైన 5 డిగ్రీల చల్లటి గదిలో ఆరు వారాలు ఉంచుతారు. ముందు వెచ్చన, తర్వాత చల్లన. ఫెరార్‌గంజ్ పట్టుకోవాల్సిన సూత్రం ఇదే.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 1862 నుంచి నడుస్తున్న కూపర్స్ కంపెనీ ఈనాటికీ అడుగున ఈస్టు పొడి ఉన్న ఏల్ అమ్ముతోంది. ఎండలకు పేరున్న ఊరది. వేడి ఊళ్లో ఈ పని కుదరదనే మాటకు ఇదొక జవాబు.

వేడి చేసే మూడు పనులు

మొదటిది వేగం. 20 డిగ్రీల్లో పక్షం పట్టేది 30 డిగ్రీల్లో వారానికే అవుతుంది. ఇది మేలే. అయితే సీసా సిద్ధమైన రోజు తెలియకపోతే ఆ మేలే కీడవుతుంది. పండిన సీసాను అదే వేడిలో నెలల తరబడి వదిలేస్తే అడుగున ఉన్న ఈస్టు కణాలు చచ్చి విచ్చుకుంటాయి. మాంసం ఉడికిన నీళ్లలాంటి వాసన వస్తుంది.

రెండోది ఒత్తిడి. సీసాలో ఉన్న గ్యాస్ అంతే అయినా, వేడి పెరిగితే అది ద్రవంలో తక్కువగా కరిగి పైకి లేస్తుంది. ఓ మోస్తరు బుడగలున్న బీరులో గ్యాస్ 2.4 వాల్యూములు, అంటే లీటరు బీరులో 2.4 లీటర్ల గ్యాస్. ఆ సీసా 4 డిగ్రీల్లో ఉంటే లోపల ఒత్తిడి 11 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). 20 డిగ్రీల్లో 26. 30 డిగ్రీల్లో 36 దాటుతుంది. కారు టైరులో మనం కొట్టించే గాలి కంటే ఎక్కువ. మధ్యాహ్నం రేకుల కప్పు కింద అటక మీద 35 డిగ్రీలుంటే 42. మంచి బీరు సీసా దీన్ని తట్టుకుంటుంది. చాలాసార్లు కడిగి వాడిన సీసా, అడుగున కంటికి కనపడని బీట ఉన్నది, తట్టుకుంటుందన్న నమ్మకం లేదు.

మూడోది రుచి. వేడి 10 డిగ్రీలు పెరిగితే బీరును ముసలిదాన్ని చేసే రసాయన చర్యల వేగం రెండు మూడు రెట్లవుతుంది. పరిశ్రమలో ఒక మోటు లెక్క వాడుకలో ఉంది: 32 డిగ్రీల్లో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు బీరుకు ఒకే వయసు. బతికున్న ఈస్టు ఉన్న సీసాకు ఇది అచ్చంగా వర్తించదు కానీ దిశ మాత్రం ఇదే. అందుకే ఫెరార్‌గంజ్‌లో వెచ్చన దశ చిన్నదిగా ఉండాలి. వారం, మహా అయితే పది రోజులు. ఆ తర్వాత సీసా చలిలోకి పోవాలి.

పంచదార లెక్కలో వేడి

ఎంత పంచదార వెయ్యాలన్న ప్రశ్నకు జవాబు థర్మామీటర్‌తో మొదలవుతుంది. పులియడం ముగిసిన బీరులో అప్పటికే కొంత గ్యాస్ మిగిలి ఉంటుంది. 20 డిగ్రీల్లో పులిసిన దానిలో 0.86 వాల్యూము, 30 డిగ్రీల్లో పులిసిన దానిలో 0.7. వెచ్చటి బీరులో గ్యాస్ తక్కువ నిలుస్తుంది కాబట్టి వెచ్చటి ఊళ్లో సీసాలో వేసే పంచదార ఒక పిసరు పెరగాలి.

లీటరు బీరుకు ఒక వాల్యూము గ్యాస్ ఎక్కాలంటే సుమారు 3.8 గ్రాముల పంచదార కావాలి. మనకు కావలసింది 2.4, ఉన్నది 0.7, లోటు 1.7. అంటే లీటరుకు సుమారు 6.5 గ్రాములు. 650 మిల్లీలీటర్ల పెద్ద సీసాకు 4.2 గ్రాములు. అదే 20 డిగ్రీల ఊళ్లో లీటరుకు 5.9 చాలు. తేడా గ్రాముకు లోపే. చెంచాలతో కొలవడం మానేసి, బంగారం దుకాణంలో వాడేలాంటి చిన్న తూకం యంత్రం దగ్గర పెట్టుకోమనేది ఇందుకే.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. పులిసిన బీరును తేటపడటానికి రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తారు. లెక్కలో ఫ్రిజ్ డిగ్రీలు వేస్తారు. అది తప్పు. పులియడం పూర్తయ్యాక ఆ బీరు చూసిన అతి ఎక్కువ వేడినే లెక్కలోకి తీసుకోవాలి. ఆ వేడిలో తప్పించుకుపోయిన గ్యాస్, తర్వాత చల్లబరిచినంత మాత్రాన తిరిగి రాదు. 30 డిగ్రీలు చూసిన బీరును 4 డిగ్రీల లెక్కలో వేస్తే అందులో గ్యాస్ ఒకటిన్నర వాల్యూము ఉందని కాగితం చెబుతుంది. సీసాలో పంచదార సగానికి పడిపోతుంది. వారం ఆగి తెరిస్తే చప్పగా ఉంటుంది.

దీనికన్నా ప్రమాదమైనది తొందర. పులియడం పూర్తి కాకముందే సీసాలో పోస్తే, మిగిలిన చక్కెర కూడా మూత కిందే పులుస్తుంది. ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ మీద ఒక్క పాయింటు, అంటే 1.012కీ 1.011కీ ఉన్న తేడా, దాదాపు అర వాల్యూము గ్యాస్. నాలుగు పాయింట్లు మిగిలి ఉంటే రెండు వాల్యూములు అదనం. మనం కొలిచి వేసినదాంతో కలిపి నాలుగు దాటుతుంది. 30 డిగ్రీల్లో అది 65 పీఎస్‌ఐకి పైనే. సీసాలు పేలేది ఇలాగే. రెండు మూడు రోజుల తేడాతో రెండుసార్లు చూసినా హైడ్రోమీటర్ ఒకే అంకె చూపిస్తే తప్ప మూత ముట్టుకోకూడదు.

తడి గుడ్డ పనిచేయని చోటు

తెలుగు నేల మీద వేసవి చల్లదనానికి మన పెద్దలు కనిపెట్టిన మందు తడి. మట్టి కుండ, తడి గోనె, వట్టివేళ్ల తడికె. వీటన్నిటిలోనూ నీరు ఆవిరవుతూ వేడిని తోడుకుపోతుంది. అనంతపురంలో ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకుందాం. తడి గుడ్డ చుట్టిన సీసా లెక్క ప్రకారం 22 డిగ్రీల దాకా దిగగలదు. ఇంట్లో బీరు కాచుకునే అమెరికా, ఆస్ట్రేలియా వాసులు సీసాలను నీళ్ల తొట్టిలో పెట్టి, పైన తడి బనియను కప్పి, ఫ్యాను పెట్టే ఉపాయం కూడా ఇదే.

ఫెరార్‌గంజ్‌లో ఈ ఉపాయం ఫలించదు. 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న గాలిలో తడి గుడ్డ దించగలిగేది 27 దాకానే. గాలే నీళ్లతో నిండి ఉంటే ఆవిరి ఎక్కడికి పోతుంది? పైగా ఆ తడి గుడ్డ రెండో రోజుకు బూజు పడుతుంది. మూతల అంచులు తుప్పు పడతాయి.

ఇక్కడ చేయాల్సిన పని వేరు. నీళ్ల తొట్టి ఉండనీయండి, గుడ్డా ఫ్యానూ తీసేయండి. తొట్టి నిండా నీళ్లుంటే పగటి వేడి ఎక్కడానికీ, రాత్రి చల్లదనం దిగడానికీ గంటలు పడుతుంది. బయట 23కీ 31కీ మధ్య ఊగుతున్నా నీళ్లు 27 దగ్గర నిలబడతాయి. ఆ నిలకడే మనకు కావలసింది. తొట్టిని సిమెంటు నేల మీద, ఉత్తరం గోడ వారగా, వంటగదికి దూరంగా పెట్టాలి. అటక మీద అసలు వద్దు. రేకుల ఇంట్లో నేలకూ కప్పుకూ మధ్య తేడా మధ్యాహ్నం చెయ్యి పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఇంకా దించాలనుకుంటే దీవుల్లో సులువుగా దొరికేది థర్మకోల్ చేపల పెట్టె. తెలుగు మత్స్యకారులు ఎక్కువగా ఉండే జంగ్లీఘాట్‌లో మంచు, చేపలు మోసేది అదే. శుభ్రంగా కడిగి ఆరబెట్టి అందులో 12 పెద్ద సీసాలు నిలబెట్టండి. అర లీటరు ప్లాస్టిక్ సీసాలో నీళ్లు గడ్డకట్టించి మధ్యలో పెట్టండి. ఆ మంచు కరిగేసరికి 12 సీసాల వేడిని లెక్క ప్రకారం ఆరు డిగ్రీల దాకా లాగుతుంది. పెట్టె గోడల గుండా వేడి చొరబడుతుంది కాబట్టి నిజంగా దిగేది అందులో సగమో, కొంచెం ఎక్కువో. రోజుకొకటి మారిస్తే 25 దగ్గర నిలబెట్టొచ్చు. రెండు పెట్టి 18కి దించుదామనుకోవద్దు. మంచు కరిగాక మళ్లీ పైకి పోతుంది, ఆ ఎగుడు దిగుడుకు ఈస్టు తికమకపడుతుంది. చల్లబడగానే అడుగుకు దిగి నిద్రపోతుంది, వేడెక్కాక ఆలస్యంగా లేస్తుంది. కొన్ని సీసాల్లో గ్యాస్ పట్టి, కొన్నిట్లో పట్టక, దేన్ని ఎప్పుడు తెరవాలో తెలియని పరిస్థితి వస్తుంది.

ఈ పద్ధతికి ఇంకో బలం ఉంది. ఈ దీవులకు ప్రధాన భూభాగం నుంచి కరెంటు లైను లేదు. ఎక్కువ విద్యుత్తు డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది. ఫ్రిజ్ మీదే మొత్తం భారం వేస్తే కరెంటు పోయినప్పుడల్లా సీసాల లోపల ఒత్తిడి పైకీ కిందికీ ఆడుతుంది. నీళ్లకూ థర్మకోల్‌కూ కరెంటుతో పని లేదు.

అల్లం సీసా

ఇప్పుడు వంటింటికి వద్దాం. దక్షిణ అండమాన్‌లో కొబ్బరి, వక్క తోటల నీడలో అల్లం బాగా వస్తుంది. అల్లం దంచి, పంచదార వేసి మరిగించి, చల్లార్చి, నిమ్మరసం పిండి, చిటికెడు ఈస్టు కలిపి సీసాలో పోస్తే చక్కటి బుడగల పానీయం తయారవుతుంది. పద్ధతి సులువు. వేడి విషయంలో మాత్రం బీరు కన్నా కష్టమైనది ఇదే.

బీరులో ఈస్టుకు మనం కొలిచి వేసిన పంచదార తప్ప మేత లేదు. అది అయిపోగానే పని ఆగుతుంది. వేడి పెరిగితే త్వరగా ఆగుతుంది, తగ్గితే ఆలస్యంగా ఆగుతుంది, ఎలాగైనా ఆగుతుంది. అల్లం పానీయం తియ్యగా ఉండాలి కాబట్టి లీటరుకు 80, 100 గ్రాముల పంచదార అందులో మిగిలే ఉంటుంది. ఈస్టుకు అది అంతులేని విందు. దాన్ని ఆపగలిగేది చలి ఒక్కటే. బీరులో చక్కెర హద్దు గీస్తుంది, వేడి వేగాన్ని నిర్ణయిస్తుంది. అల్లం సీసాలో ఆ రెండు పనులూ వేడివే.

28 డిగ్రీల ఇంట్లో అల్లం సీసా ఒకటి రెండు రోజుల్లో సిద్ధమైపోతుంది. 20 డిగ్రీల ఊళ్లో రాసిన పుస్తకం చూసి నాలుగైదు రోజులు వదిలేస్తే పేలుతుంది. దీనికి ఖర్చు లేని కొలమానం ఉంది. అన్నీ గాజు సీసాల్లో పోయకుండా, కనీసం ఒకదాన్ని కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలో పోయండి. మిగతావాటి పక్కనే, అదే వేడిలో ఉంచండి. పూటకోసారి నొక్కి చూడండి. మొదట మెత్తగా లోపలికి పోతుంది. తర్వాత బిగుస్తుంది. బొటనవేలితో గట్టిగా నొక్కినా సొట్ట పడని దశకు వచ్చిందంటే అన్నీ అప్పుడే ఫ్రిజ్‌లోకి పోవాలి. కొత్తవాళ్లు అన్నిటికీ ప్లాస్టిక్ సీసాలే వాడితే ఇంకా మంచిది. 4 డిగ్రీల్లోనూ ఈస్టు పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుందంతే. వారం లోపల తాగేయాలి.

ఆల్కహాల్ సంగతి కూడా చెప్పుకోవాలి. అల్లం రసంలో ముందే మిగిలిన గ్యాస్ ఉండదు కాబట్టి 2.4 వాల్యూములు పట్టాలంటే లీటరుకు సుమారు 9 గ్రాముల పంచదార పులవాలి, దాంతో పుట్టే ఆల్కహాల్ సుమారు 0.6 శాతం. మన ఆహార భద్రతా ప్రమాణాల్లో 0.5 శాతం దాటితే అది ఆల్కహాల్ పానీయం. అంటే బీరంత గ్యాస్ పట్టనిస్తే ఆ గీత దాటినట్టే, ఇవతల ఉండాలంటే గ్యాస్ తక్కువగా ఉండగానే ఆపేయాలి. ఇంకో రోజు వెచ్చన వదిలితే దాటిపోతాం. వేడి మీద అదుపు ఇక్కడ రుచికీ, భద్రతకీ, చట్టానికీ కూడా అవసరం. పిల్లలున్న ఇంట్లో ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

కల్లు గీసే మన గౌడ కుటుంబాలకు ఇది కొత్త పాఠం కాదు. తెల్లవారుజామున దించిన లొట్టిలో తియ్యగా ఉన్నది ఎండెక్కేకొద్దీ ఘాటెక్కి, సాయంత్రానికి పుల్లబడుతుంది. తెలంగాణ కల్లు దుకాణాల్లో సీసాల్లో అమ్మే కల్లు నురగ కక్కుతూనే ఉంటుంది. పులియకుండా నీరాగానే ఉండాలంటే లొట్టి లోపల సున్నం రాయాలి, దించగానే చలిలో పెట్టాలి. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో తెరిచిన నీరా కేఫ్‌కు ప్రాణం కూడా ఆ చలే.

చలి దేశపు వేడి ఈస్టు

వేడి ఊళ్లకు ఈ మధ్య ఊహించని వైపు నుంచి సాయం వచ్చింది. నార్వే పశ్చిమ తీరంలోని పల్లెల్లో రైతులు తరతరాలుగా ఇంట్లో దాచుకుంటున్న ఈస్టు ఉంది. పేరు క్వైక్. చెక్క వలయాలకు పట్టించి, ఆరబెట్టి, మళ్లీ కాచేదాకా దాచేవారు. లార్స్ మారియుస్ గార్షోల్ అనే రచయిత ఆ పల్లెల్లో తిరిగి ఈ పద్ధతుల్ని నమోదు చేశాడు. 2018లో కెనడా పరిశోధకులు జన్యు పరీక్షలు చేసి, ఇది బీరు ఈస్టుల్లో ప్రత్యేకమైన శాఖ అని తేల్చారు.

మామూలు ఏల్ ఈస్టు 30 డిగ్రీలు దాటితే ఘాటు వాసనలు పుట్టిస్తుంది. క్వైక్ 30 నుంచి 40 డిగ్రీల మధ్య శుభ్రంగా పనిచేస్తుంది. మంచు కురిసే దేశపు ఈస్టుకు ఇంత వేడి ఎందుకు పడుతుంది? ఆ రైతులు కాచిన రసం పూర్తిగా చల్లారేదాకా ఆగేవారు కాదు. ఒంటి వేడికి రాగానే ఈస్టు కలిపేవారు. తరతరాలుగా ఆ వేడిని తట్టుకున్న కణాలే మిగిలాయి. ఫెరార్‌గంజ్‌లాంటి ఊరికి దీనితో సీసా దశ కూడా సులువవుతుంది. మధ్యాహ్నం 31 డిగ్రీలైనా ఈ ఈస్టుకు ఇబ్బంది లేదు. ఒత్తిడి లెక్క మాత్రం మారదు. ఈస్టు ఏదైనా గాజు గాజే.

సీసా ముట్టుకునే ముందు

గుండ్రటి, మందపాటి, ముదురు గోధుమరంగు సీసాలే వాడాలి. నలుచదరం సీసాలు, జామ్ సీసాలు ఒత్తిడికి పనికిరావు. అంచు పెచ్చులూడినా, అడుగున గీత పడినా పక్కన పెట్టేయాలి. పైన మూడు సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. ఎండ తగిలితే, చేదు కోసం హాప్స్ పూలు వేసిన బీరుకు దుర్వాసన పడుతుంది కాబట్టి చీకట్లో ఉంచాలి.

సీసాలు పండుతున్నన్నాళ్లూ మూత ఉన్న పెట్టెలో ఉండాలి. ఒకటి పగిలినా ముక్కలు బయటికి రాకూడదు. పెట్టె తెరిచేటప్పుడు ముఖం దూరంగా పెట్టి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఒక సీసా పేలిందంటే మిగతావీ అదే దారిలో ఉన్నట్టు. వాటిని కదపకుండా గంటల తరబడి చల్లబడనిచ్చి, చేతులకు మందపాటి తొడుగులేసుకుని, అప్పుడు ఒక్కొక్కటిగా గ్యాస్ వదలాలి.

పండిన సీసాను కనీసం రెండు రోజులు ఫ్రిజ్‌లో నిలువుగా ఉంచాకే తెరవాలి. అప్పటికి మెడలో ఉన్న గ్యాస్ ద్రవంలోకి దిగి నిలుస్తుంది, అడుగున ఈస్టు గట్టిపడుతుంది. వెచ్చగా ఉండగానే తెరిస్తే సగం నేలపాలు. వారానికి ఒక సీసా తెరిచి రుచి, నురగ, గది వేడి ఒక పుస్తకంలో రాసుకుంటే రెండో విడతకు మీ ఇంటి లెక్క మీకే తెలిసిపోతుంది.

ఈ ఊరికి ఈ ఊరి లెక్క

వేడి ప్రాంతాల్లో పులియబెట్టే విద్యకు సొంత పుస్తకం ఉండాలని నా కోరిక. మన దగ్గర లొట్టిలో సున్నం రాసిన చేతులున్నాయి, చలికాలంలో పిండిని పొయ్యి పక్కనా వేసవిలో గాలికీ పెట్టిన ఇల్లాళ్లున్నారు. వాళ్ల తెలివి అంకెల్లోకి ఎక్కలేదు. అంకెల్లోకి ఎక్కినదంతా 20 డిగ్రీల గదుల్లోది. శ్రీవిజయపురంలో కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. దీవుల అల్లంతో, దీవుల వేడిలో, కరెంటు పోయినా చెడని సీసా పానీయం తయారీకి ఒక ప్రమాణం రూపొందించడం అలాంటి సంస్థలు తలుచుకుంటే పెద్ద పనేమీ కాదు. అది వస్తే తోటల్లో అల్లం పండించే కుటుంబాలకు రెండో ఆదాయం వస్తుంది. గ్యాస్ యంత్రం కొనక్కర్లేకుండా చిన్న పరిశ్రమ నడుస్తుంది.

అది వచ్చేలోపు ఇంట్లో మొదలుపెట్టేవాళ్లు ముందు కొనాల్సినవి మూడే: ఒక థర్మామీటర్, గ్రాములు చూపించే తూకం, ఒక చేపల పెట్టె. సీసాలు ఉంచాలనుకున్న చోట ఒక వారం పాటు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వేడి రాసుకోండి. ఎగుడు దిగుడు మూడు డిగ్రీలు దాటని మూల దొరికేదాకా పెట్టెను జరుపుతూ ఉండండి. ఆ మూల దొరికాకే పంచదార తూచండి, ఆ తర్వాతే మూత బిగించండి.